దసరా సెలవుల్లో పద్నాలుగు మందికి వంట: ఐదు సద్దులు, మలీద, బగారా అన్నం, మటన్

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇదీ. హైదరాబాద్‌లో ఫ్లాట్, ఒక్క స్టవ్, ఐదు లీటర్ల కుక్కర్. సద్దుల బతుకమ్మ ముందు రోజు అత్తగారు, ఆడబిడ్డ కుటుంబం, మీ అక్క కుటుంబం వస్తున్నారు, దసరా అయ్యాకే వెళ్తారు. మొత్తం పద్నాలుగు మంది. అందులో ఐదుగురు పిల్లలు, చిన్నవాడికి రెండేళ్ళు. పిల్లలు కారం ముట్టరు, పెద్దలకు కారం లేకపోతే ముద్ద దిగదు. "పిల్లల కోసం పాస్తా, ఫ్రైడ్ రైస్, పెద్దల కోసం వేరే వంట, ఇలా రెండు రకాలు చేయాలా? లేక బయటి నుంచి తెప్పించేయాలా?" అని మీ టెన్షన్.

రెండూ అక్కర్లేదు. పండుగ వంటనే చేయండి. ఇంతమందికి, ఇంత చిన్న వంటింట్లో, దానికన్నా తేలికైనది నాకు తెలిసి లేదు. బతుకమ్మ నైవేద్యాలను వరుసగా చూడండి. మొదటి రోజు, అంటే ఎంగిలిపూల రోజు నువ్వులు, బియ్యప్పిండి. ఆ తర్వాత అటుకులు, ముద్దపప్పు, నానబియ్యం, అట్లు, వేపకాయలు (బియ్యప్పిండిని వేపకాయల్లా చేసి వేయించేవి), వెన్నముద్దలు, చివరి రోజు సద్దులు, అంటే కలిపిన అన్నాలు. వీటిలో కారం ఉన్నవి ఎన్ని? గంటల తరబడి పొయ్యి ముందు నిలబడి చేయాల్సినవి ఎన్ని? సాయంత్రం అందరూ బతుకమ్మ ఆడటానికి వెళ్ళాలి. అందుకే ఇవన్నీ ముందే చేసి పెట్టుకునేవి, చల్లారాక కూడా రుచిగా ఉండేవి, చేత్తో తినగలిగేవి. పిల్లలకు వేరే వంట ఎందుకు?

ముందుగా అసలు పని, ఐదు సద్దుల గురించి చెప్తాను. చాలామంది దీన్ని ఐదు వంటలు అనుకుని భయపడతారు. నిజానికి ఇది ఒక అన్నం, ఒక పోపు. మిగతాది కలపడమే. చింతపండు పులిహోర, నిమ్మకాయ, నువ్వులు, కొబ్బరి, పెరుగు, ఇవి ఎక్కువ ఇళ్ళలో చేసే ఐదు. ఇంటింటికీ ఒకటి అరా మారుతుంది, మీ అత్తగారింటి పద్ధతి ఏదో ముందే ఫోన్‌లో అడిగి పెట్టుకోండి.

మీ పద్నాలుగు మందికీ, బతుకమ్మ దగ్గర పంచడానికీ కలిపి ఒకటిన్నర కిలో సోనా మసూరి సరిపోతుంది. పాత బియ్యమే తీసుకోండి, కొత్త బియ్యం ముద్దయిపోతుంది. ఇందులో పావు కిలో విడిగా పెట్టండి. అది పెరుగు సద్దికి, కుక్కర్‌లో ఒకటికి మూడు నీళ్ళు పోసి మెత్తగా వండుకోవాలి. మిగతా కిలోంపావు కుక్కర్‌లో వద్దు. ఐదు లీటర్ల కుక్కర్‌లో అన్నం పొంగకుండా ముప్పావు కిలో కూడా కష్టమే. పెద్ద గంజులో నీళ్ళు బాగా మరిగించి, అరగంట నానిన బియ్యం వేసి, మెతుకు నొక్కితే మధ్యలో సన్నటి పలుకు తగులుతున్నప్పుడే గంజి వార్చేయండి. తర్వాత మూత పెట్టి ఐదు నిమిషాలు సన్న సెగ మీద ఉంచితే ఆ పలుకు కూడా పోతుంది. వార్చేటప్పుడు ఇద్దరు ఉండండి, పిల్లలు వంటింట్లో లేకుండా చూసుకోండి. వార్చిన అన్నం మెతుకు మెతుకు విడిగా ఉంటుంది, సాయంత్రానికి కూడా గట్టిపడదు.

అన్నాన్ని రెండు వెడల్పాటి తాంబాలాల్లో పరిచి, రెండు చెంచాల నూనె చల్లి, ఫ్యాన్ కింద ఆరనివ్వండి. ఈ పని వదిలేయకండి. వేడిగా ఉండగానే కలిపి డబ్బాలో మూత పెడితే లోపల ఆవిరి పట్టి అన్నం జిగటగా అవుతుంది, సాయంత్రానికి వాసన వస్తుంది. ఆరాక ఒకే గిన్నెతో కొలిచి పంచుకోండి. పులిహోరకు ఐదు పాళ్ళు, నిమ్మకాయకు మూడు, నువ్వులకు రెండున్నర, కొబ్బరికి రెండు. ఈ లెక్కలో ఒక పాలు అంటే సుమారు వంద గ్రాముల బియ్యానికి వచ్చిన అన్నం.

ఇక్కడ ఉప్పు మాట చెప్పాలి. నైవేద్యం కాబట్టి రుచి చూడకూడదు, అందుకే ఎవరింట్లోనైనా సద్దుల్లో ఉప్పు ఎక్కువో తక్కువో అవుతుంది. కొలిచి వేస్తే ఆ సమస్య ఉండదు. పావు కిలో బియ్యపు అన్నానికి చదునుగా తీసిన టీ చెంచా ఒకటింపావు ఉప్పు వేయండి. పులిహోరకు మాత్రం పులుపు ఉంటుంది కాబట్టి అరకిలో బియ్యానికి మూడు చెంచాలు పడుతుంది. పెరుగు సద్దికి ఒక చెంచా చాలు.

పులిహోర గుజ్జు ముందు రాత్రే చేసేయండి. అరకిలో బియ్యానికి డెబ్భై ఐదు గ్రాముల చింతపండు. వేడి నీళ్ళలో నానబెట్టి చిక్కగా పిండి, నాలుగు చెంచాల నూనెలో పసుపు, ఉప్పు, నిమ్మకాయంత బెల్లం వేసి, నూనె పైకి తేలేదాకా సన్న సెగ మీద ఉడికించాలి. పచ్చిమిరపకాయలను చీల్చకుండా, కొసన చిన్న గాటు మాత్రం పెట్టి అందులో వేయండి. గాటు లేకపోతే నూనెలో పేలతాయి, నిలువునా చీలిస్తే కారం అంతా గుజ్జులోకి దిగుతుంది. ఇలా చేస్తే పిల్లల ముద్దలో కారం తగలదు, పెద్దవాళ్ళు మిరపకాయ నంజుకుని తింటారు. రెండు రకాల పులిహోర చేయాల్సిన అవసరం దీనితోనే తప్పిపోతుంది.

నువ్వుల పొడి కూడా ముందు రాత్రే. అరవై గ్రాముల తెల్ల నువ్వులు చిటపటలాడేదాకా దోరగా వేయించి, పూర్తిగా చల్లారాక, మూడు ఎండుమిరపకాయలతో మిక్సీలో ఆపి ఆపి తిప్పండి. ఒకేసారి తిప్పితే నూనె వదిలి ముద్దవుతుంది. కాస్త బెల్లం తగిలిస్తే పిల్లలు ఇష్టంగా తింటారు.

పోపు అన్నిటికీ ఒకేసారి వేయండి. పెద్ద మూకుడులో పావు లీటరు నూనె పోసి ముందు పల్లీలు వేయించి తీసేయండి, వాటికి ఎక్కువ సమయం పడుతుంది. తర్వాత శనగపప్పు, మినపప్పు, ఆవాలు, ఎండుమిరపకాయలు, చివర్లో కరివేపాకు, ఇంగువ. ఇందులో సగం పులిహోరకు, మిగిలినదాంట్లో ఎక్కువ భాగం నిమ్మకాయకు, కొంచెం నువ్వులకు, ఒక చెంచా పెరుగుకు. పల్లీలు పులిహోరలోనూ నిమ్మకాయలోనూ చివర కలపండి. రెండేళ్ళ వాడి ముద్ద మాత్రం పల్లీలు, పప్పులు కలపకముందే తీసి పెట్టండి. ఆ వయసు పిల్లలకు పల్లీ గొంతులో అడ్డం పడే ప్రమాదం ఉంది. ఈ విషయంలో "ఏం కాదులే" అని ఎవరు అన్నా వినకండి.

నిమ్మకాయ సద్దికి మూడు కాయల రసం. పోపు చల్లారాకే రసం కలపండి, పొయ్యి మీద వేస్తే చేదెక్కుతుంది. కొబ్బరి సద్దికి అర చిప్ప తురుము, నెయ్యిలో ఒక్క నిమిషం వేయించి, జీడిపప్పు, రెండు పచ్చిమిరపకాయలతో కలిపితే అయిపోయింది. పచ్చికొబ్బరి త్వరగా పాడవుతుంది కాబట్టి ఇది చివర్లో కలపండి, తినేటప్పుడు అందరికన్నా ముందు వడ్డించండి.

పెరుగు సద్దిలో పెరుగు తక్కువ, పాలు ఎక్కువ ఉండాలి. మెత్తగా మెదిపిన అన్నంలో గోరువెచ్చని పాలు అర లీటరు పోసి, రెండు చెంచాల పెరుగు మాత్రమే కలపండి. మధ్యాహ్నం మూడింటికి కలిపితే రాత్రి తినే వేళకు కమ్మగా తోడుకుని ఉంటుంది, పుల్లబడదు. అల్లం తరుగు, దానిమ్మ గింజలు వేసి, పోపు చెంచా పైన పోయండి. కారం ముట్టని పిల్లలకు ఇదే అసలు భోజనం. మీ ఇంట్లో ఐదుగురు ఉన్నారు కాబట్టి పావు కిలో చాలదేమో అనిపిస్తే ఇంకో వంద గ్రాములు పెంచుకోండి.

సమయం ఇలా వేసుకోండి. గుజ్జు, నువ్వుల పొడి ముందు రాత్రే అయిపోయాయి. ఉదయం అందరూ తంగేడు, గునుగు, బంతి సర్దే పనిలో ఉంటారు, ఆ పూట వంట పప్పు, అన్నం, ఒక కూరతో ముగించండి. ఒంటి గంటకు సద్దుల అన్నం పొయ్యి మీద పెడితే రెండింటికి ఆరబోస్తారు. మూడింటికి కలపడం పూర్తవుతుంది. పులిహోరకు కనీసం ఒక గంట ఊరే సమయం ఉండాలి. మీరు చీర కట్టుకుని బతుకమ్మ దగ్గరికి వెళ్ళడానికి కావలసినంత సమయం మిగులుతుంది. ఇంటికి వచ్చిన ఆడపిల్లలందరూ ఆడుతుంటే మీరొక్కరే వంటింట్లో ఉండిపోకూడదు. ఈ సమాధానం ఇంత పొడుగ్గా రాయడానికి నాకు అదే కారణం.

ఇక మలీద. దీన్ని పిల్లల చేతికి ఇచ్చేయండి. అసలు పద్ధతి సజ్జ రొట్టెతోనో జొన్న రొట్టెతోనో. మీకు రొట్టె తట్టడం అలవాటు లేకపోతే మందంగా చేసిన గోధుమ చపాతీలు పది చాలు, లేదా సజ్జ పిండి, గోధుమ పిండి సగం సగం కలుపుకోండి. నూనె లేకుండా కాల్చి, వేడి కాస్త తగ్గాక పిల్లలు ముక్కలు చేస్తారు. మిక్సీలో రెండు సార్లు తిప్పి, రెండు వందల గ్రాముల బెల్లం తురుము, యాలకుల పొడి, నాలుగు చెంచాల కరిగిన నెయ్యి కలిపితే ముద్ద కట్టడానికి వస్తుంది. రొట్టె గోరువెచ్చగా ఉన్నప్పుడే బెల్లం కలపాలి, అప్పుడే అది కరిగి పిండిని పట్టుకుంటుంది. పూర్తిగా చల్లారితే ఎంత నెయ్యి పోసినా పొడిపొడిగానే ఉంటుంది. ఆరేడేళ్ళ పిల్లలు ఈ ముద్దలు చక్కగా చుడతారు, తాము చేసినవే కాబట్టి వంక పెట్టకుండా తింటారు.

సత్తుపిండి మీ అత్తగారు వచ్చేటప్పుడు తెస్తారేమో అడగండి. తేకపోతే వేయించిన పల్లీలు ఒక గ్లాసు, నువ్వులు అర గ్లాసు, పెసర్లు అర గ్లాసు, మొక్కజొన్నలు ఒక గ్లాసు, అన్నీ విడివిడిగా వేయించి పొడి చేసి చక్కెర కలుపుకోవాలి. మొక్కజొన్న పేలాలు మిక్సీకి తేలిక, వేయించిన గింజ గట్టిగా ఉంటుంది. చిన్నవాడికి పొడిగా పెట్టకండి, పొలమారుతుంది. నెయ్యి పోసి తడి ముద్ద చేసి పెట్టండి.

వాళ్ళు ముందు రోజే దిగుతున్నారు కాబట్టి ఆ రోజు వెన్నముద్దల బతుకమ్మ అవుతుంది. దానికి పొయ్యి దాదాపు అక్కర్లేదు. పావు కిలో నువ్వులు వేయించి, రెండు వందల గ్రాముల బెల్లంతో మిక్సీలో తిప్పి, రెండు చెంచాల నెయ్యో వెన్నో వేసి ఉండలు చుట్టడమే. మర్నాటి సద్ది నువ్వులు కూడా అప్పుడే కలిపి వేయించుకోండి, ఒక పని తగ్గుతుంది. ప్రయాణం చేసి వచ్చిన వాళ్ళకు ఆ రాత్రి ముద్దపప్పు, నెయ్యి, చారు, అప్పడం పెట్టండి. పిల్లలు నిమిషంలో తింటారు, పెద్దలకు పక్కన ఆవకాయ ఉంటుంది.

సద్దుల మర్నాడు, నవమి నాడు, వంట తగ్గించండి. మిగిలిన పులిహోర ఉదయం టిఫిన్‌కు పనికొస్తుంది. కొబ్బరి, పెరుగు సద్దులు మాత్రం మర్నాటికి ఉంచకండి. మధ్యాహ్నం సొరకాయ పప్పు, చారు చాలు. సాయంత్రం పిల్లలకు గుగ్గిళ్ళు చేయండి. ముందు రాత్రి నానబెట్టిన అలసందలో శనగలో కుక్కర్‌లో ఉడికించి, ఆవాలు, కరివేపాకు, కొబ్బరితో పోపు వేస్తే పది నిమిషాల పని. నవరాత్రులు ఆంధ్ర పద్ధతిలో చేసుకునే మీ అక్క అత్తవారింట్లోనూ గుగ్గిళ్ళు ఉండే ఉంటాయి, వాళ్ళకూ బాగుంటుంది. చిన్నవాడికి మెత్తగా మెదిపి పెట్టండి.

దసరా రోజు మటన్, బగారా అన్నం, గారెలు అడుగుతారు, తప్పదు. తొమ్మిది మంది పెద్దలకు మనిషికి రెండు వందల గ్రాములు, పిల్లలకు వంద చొప్పున వేసుకుంటే రెండు కిలోల మూడు వందలు వస్తుంది, రెండున్నర కిలోలు తీసుకోండి. ఆ ఉదయం మటన్ షాపుల దగ్గర లైన్ ఎంత ఉంటుందో మీకు తెలుసు. ముందే చెప్పి పెట్టి, పొద్దున్నే మీ ఇంటాయనను పంపండి.

కూర ఒకటే చేయండి, కారం చివర్లో వేయండి. నూనెలో ఉల్లిగడ్డలు ఎర్రగా వేగాక అల్లం వెల్లుల్లి ముద్ద, పసుపు, ఉప్పు, ఒక కప్పు పెరుగు, మటన్ వేసి, నీళ్ళు ఇగిరేదాకా వేయించండి. తర్వాత ధనియాల పొడి, తగినన్ని నీళ్ళు పోసి కుక్కర్‌లో మెత్తగా ఉడికించండి. మీ కుక్కర్‌లో ఇది రెండు విడతలు అవుతుంది. ఉడికాక పిల్లలకు కావలసినన్ని మెత్తటి ముక్కలు, ఎముక లేనివి చూసి, కొంచెం రసంతో విడిగా తీసేయండి. ఇప్పుడు చిన్న మూకుడులో మూడు చెంచాల నూనె కాచి, పొయ్యి ఆపి, అందులో కారం వేసి కలిపి వెంటనే కూరలో పోయండి. పొయ్యి మీదే వేస్తే కారం మాడుతుంది. నూరిన ఎండుకొబ్బరి, గసగసాలు, గరం మసాలా వేసి ఇంకో పది నిమిషాలు ఉడకనిస్తే పచ్చి వాసన ఉండదు. కారం ముందు నుంచీ ఉడికిన కూరకూ దీనికీ తేడా మీ ఆడబిడ్డ కూడా కనిపెట్టలేరు.

బగారా అన్నానికి కిలోన్నర బియ్యం. షాజీరా, లవంగాలు, చెక్క, యాలకులు, బిర్యానీ ఆకు, ఉల్లిగడ్డ, పుదీన, కొత్తిమీర, అల్లం వెల్లుల్లి వేయించి, సోనా మసూరి అయితే ఒకటికి రెండు, నానబెట్టిన బాస్మతి అయితే ఒకటికి ఒకటిన్నర నీళ్ళు. పచ్చిమిరపకాయలు ఇక్కడ కూడా చీల్చకుండానే వేయండి, కొసన గాటుతో. మాంసం తినని వాళ్ళుంటే ఇదే అన్నంలోకి టమాట, పల్లీల కూర చేయండి, అదనంగా పావుగంట పడుతుంది.

గారెలకు ముప్పావు కిలో మినపప్పు నాలుగు గంటలు నానితే చాలు, రాత్రంతా నానబెడితే నూనె పీలుస్తాయి. నీళ్ళు చెంచాలతోనే వేస్తూ గట్టిగా రుబ్బి, ఉప్పు వేయించే ముందు కలపండి. రుబ్బిన పిండి గంటలోపు వేసేయాలి. ఇది ఒక్కటే నిజంగా పొయ్యి ముందు నిలబడే పని, కాబట్టి దీన్ని మీరు తీసుకోకండి. మీ అక్కకో ఆడబిడ్డకో ముందే చెప్పండి. చుట్టాలకు పని చెప్పడమేమిటని మొహమాటపడితే పండుగంతా మీకు వంటింటి గోడలే మిగులుతాయి. పద్నాలుగు మందికి వంట ఒక మనిషి చేసే పని కాదు, ఏ పండుగకూ కాదు.

అమెరికాలో, బ్రిటన్‌లో శనివారం హాళ్ళలో బతుకమ్మ ఆడి, తలా ఒక వంట తెచ్చుకునే వాళ్ళకు ఒక మాట. హాలుకు పులిహోర, నువ్వుల సద్ది, మలీద తీసుకెళ్ళండి, ఇవి చల్లగా ఉన్నా బాగుంటాయి. ఫ్రిజ్‌లో పెట్టిన అన్నం గట్టిపడుతుంది కాబట్టి గుజ్జు మాత్రం ముందు చేసుకుని, అన్నం ఆ రోజే వండండి. నువ్వులు, పల్లీలు పడని పిల్లలు అక్కడి గుంపుల్లో ఉంటారు, గిన్నె మీద ఏమేం వేశారో చీటీ రాసి అంటించండి.

బయటి నుంచి ఏం తెప్పించుకోవచ్చని అడిగారు కదా. స్వీట్లు తెప్పించుకోండి, ఐదు సద్దులు, మలీద ఉన్నాక జిలేబీ, మైసూర్‌పాక్ ఇంట్లో చేయాల్సిన పని లేదు. మలీదకు చపాతీలు కూడా బయట కొనుక్కోవచ్చు, నూనె రాయనివి అడగండి. పెరుగు, తురిమిన కొబ్బరి, అల్లం వెల్లుల్లి ముద్ద కొన్నా నాకు అభ్యంతరం లేదు. పులిహోర మాత్రం కొనకండి. ఇంతమంది కోసం ఎక్కువ మొత్తంలో చేసేవాళ్ళు చాలాసార్లు చింతపండు తగ్గించి నిమ్మ ఉప్పు వేస్తారు. పైగా ఎప్పుడు వండారో, ఎంతసేపు మూతపెట్టి ఉంచారో మీకు తెలియదు. నైవేద్యానికీ, రెండేళ్ళ పిల్లాడికీ అది వద్దు. ముందు రాత్రి అరగంట గుజ్జు దగ్గర నిలబడితే సరిపోతుంది. మీ అత్తగారిని ఆ గుజ్జు కలపమని పిలవండి, ఆవిడకు ఎంత పులుపు ఇష్టమో అప్పుడే తెలిసిపోతుంది.